నీళ్ళ పుస్తకంలో పీతల బ్యాండుమేళం

ఎంట్రీ 2,907. జూన్ 3

ఉప్పు 431. నీళ్ళు 6,150 లీటర్లు. ఉప్పు వడకట్టే పొర కడిగాను. రెండో పంపు మళ్ళీ మూలుగుతోంది. మూలగనీ. నేనూ మూలుగుతున్నాను, నాకెవరు నూనె వేస్తున్నారు?

ఇవాళ్టి నుంచి ఈ పుస్తకంలో నీళ్ళ సంగతులతో పాటు మా ఇంటి సంగతులు కూడా రాస్తాను. రాయకూడదని తెలుసు. కానీ ఇంకెక్కడ రాయమంటారు? ఇంట్లో డైరీ రాసుకుంటే తాజా పెట్టె ఊరుకోదు, ఏది రాసినా ఏది చూపినా హాయిగా దిద్దేసే యంత్రం అది. నిన్న సాయంత్రం "డాక్టరమ్మ మాటకి కడుపు మండిపోయింది" అని రాసుకున్నాను. పొద్దున్న చూస్తే "డాక్టరమ్మ మాట ఆలోచింపజేసింది" అని ఉంది. చదివేవాళ్ళకి హాయిగా ఉండాలట. రాసిన ముండనీ నేనే, చదివే ముండనీ నేనే! నాకు హాయి అక్కర్లేదు మొర్రో అంటే వినదు.

ఈ ఒక్క పుస్తకం జోలికి మాత్రం పెట్టె రాదు. ఎనిమిదేళ్ళ కిందట తొమ్మిదో లంకలో ఉప్పు మీటరు ఎనిమిది వందలు దాటితే, జనం కంగారు పడతారని వాళ్ళ పెట్టె "నీళ్ళు ఇవాళ కాస్త రుచిగా ఉన్నాయి" అని రాసింది. నలభై మంది మంచం పట్టారు. అప్పటి నుంచి రూలు వచ్చింది. తేలే లంకలన్నిటిలోనూ నీళ్ళ పుస్తకం కాయితం మీద, పెన్నుతో, మనిషి చేత్తోనే రాయాలి. కార్బన్ కాపీ వారానికోసారి సరుకుల పడవలో మెట్టకి, అంటే మునగని నేల మీదికి పంపాలి.

అందుకని రాస్తున్నాను. నా పేరు మోక్షిత. అరవై నాలుగేళ్ళు. పద్నాలుగో లంకలో నీళ్ళ యంత్రం చూసుకుంటాను. మా అక్క హన్విత, డెబ్భై. రెండేళ్ళ నుంచి ఒక్కొక్కటే మర్చిపోతోంది. నన్ను మర్చిపోయి ఆరు నెలలు. బిందె తెచ్చి పెడతాను కాబట్టి "నీళ్ళావిడా" అని పిలుస్తుంది. పరవాలేదు, మర్యాదగానే పిలుస్తుంది.

మర్చిపోవడం సంగతి అలా ఉంచితే, ఇప్పుడు అన్నం తినడం కూడా మానేసింది. నోరు బిగించేస్తుంది. నిన్న డాక్టర్ ఫర్హీన్ పడవలో వచ్చి తూచింది. ముప్పై ఏడు కిలోల వంద గ్రాములు.

"ముప్పై ఆరు కిందకి దిగితే మెట్టకి తీసుకెళ్ళక తప్పదండి. ముక్కులోంచి గొట్టం వేసి పెడతాం" అంది.

"నేనూ వస్తాను."

"మరి ఇక్కడ యంత్రం ఎవరు చూస్తారు? రెండొందల ఇళ్ళకి నీళ్ళు మీరే కదండీ."

అవునండీ, నేనే. గొట్టం వేస్తే అక్క పీకేస్తుంది. పీకేస్తే చేతులు కట్టేస్తారు. ఏడో లంక రంగమ్మ గారికి అలాగే కట్టారు. ఆవిడ తిరిగి రాలేదు.

ఒక్క ఆశ ఉంది. పోయిన వారం బలవంతాన ముద్ద పెట్టబోతుంటే, అక్క ఉన్నట్టుండి "పీతయ్య ఏడీ?" అని నోరు తెరిచింది. ఒక్క ముద్ద తిన్నది. పీతయ్య అంటే నాకు తెలుసు. మా చిన్నప్పటి బొమ్మల సినిమా, 'పీతల బ్యాండుమేళం'లో హీరో. పాటల సినిమా. నాకు ఆరేళ్ళు, అక్కకి పన్నెండు. అది చూపిస్తే తింటుంది. ఎంతసేపు పని!

ఎంట్రీ 2,909. జూన్ 5

ఉప్పు 428. నీళ్ళు 6,200. వాన.

ఎంతసేపు పని అని రాశాను చూడండి, నా నోట్లో ఉప్పు పడ.

ఇప్పటి పిల్లలకి ఈ బాధ తెలీదు. వాళ్ళకి సినిమా అంటే అడిగినప్పుడల్లా పెట్టె అప్పటికప్పుడు వండి వడ్డించేది. పాత సినిమాలకీ అంతే. కథ సారం రెండు పేజీలు దాచుకుంటుంది, చూసేవాళ్ళ మొహాన్ని బట్టి మిగతాది వండుతుంది. అసలు ప్రతులు దాచడం దండగని నేను నడివయసులో ఉండగానే తీసేశారు. అప్పుడు నేను కూడా చప్పట్లు కొట్టాను. బుద్ధి గడ్డి తిని.

పీతల బ్యాండుమేళం పెట్టమన్నాను. వచ్చింది. పీత ఉంది, డోలు ఉంది. కప్ప సన్నాయి, కొంగ క్లారినెట్టు అన్నీ ఉన్నాయి. అక్క రెండు నిమిషాలు చూసి, "ఇది కాదండీ" అంది. ఏడుపు మొహం పెట్టింది. వెంటనే పెట్టె ఆపేసి, "పెద్దవారికి కథ బరువుగా అనిపించినట్టుంది, తేలిక చేస్తాను" అని పీత మొహానికి నవ్వు తగిలించింది. పీత మొహం నవ్వడమేమిటి, నా బొంద!

"నవ్వు తీసెయ్" అన్నాను.

"నవ్వు ఉంటే మీకు హాయిగా ఉంటుందండి."

"నాకు ఉండదు."

"మీ మొహం చూస్తుంటే మీకు విశ్రాంతి అవసరం అనిపిస్తోంది. నది శబ్దం పెట్టనా?"

తువ్వాలు తీసి దాని కన్ను మీద కప్పాను. అక్క ఒక్క ముద్ద కూడా తినలేదు. రాగి జావ నాలుగు చెంచాలు, అది కూడా నీళ్ళనుకుని తాగింది.

ఎంట్రీ 2,912. జూన్ 8

ఉప్పు 440. నీళ్ళు 6,090. రెండో పంపు విప్పి బిగించాను.

పీత కాస్తా కుందేలైపోయింది. పీతకి పట్టకారులాంటి గిట్టలుంటాయి, పెద్దవాళ్ళు భయపడతారట. డోలు చప్పుడు ఎక్కువని వీణ పెట్టింది. కుందేలు వీణ వాయిస్తుంటే అక్క చూసి, నా వైపు తిరిగి, "వీళ్ళెవరండీ?" అని అడిగింది. 

సినిమాలో అసలైన ఘట్టం నాకు బాగా గుర్తుంది. కొంగ పెళ్ళికి బ్యాండు కొట్టడానికి వెళుతుంటే తూములో ఇరుక్కుని పీతయ్య గిట్ట ఊడిపోతుంది. ఒంటి గిట్టతోనే డోలు వాయిస్తాడు. అప్పుడు కొంగ ఏడుస్తుంది. నేను ఎర్ర కుర్చీలో అక్క ఒళ్ళో కూర్చుని చూశాను, అక్క చెయ్యి నా నోటి దగ్గర ఉంది. ఆ ఘట్టం పెట్టమంటే ఈ పెట్టె పెట్టనంది. బాధాకరం అట! బాధ లేకపోతే కొంగ ఎందుకు ఏడుస్తుందే మొద్దూ?

ఎంట్రీ 2,915. జూన్ 11

ఉప్పు 433. నీళ్ళు 6,180.

వైర్‌లెస్‌లో మెట్టకి మాట్లాడాను. అక్కడ పాత దాఖలాల గది ఒకటుంది. దాన్ని చూసుకునే ఆయన ఏసుపాదం గారు. నా బాధంతా విని, నింపాదిగా, "సినిమాలు లేవమ్మా. ప్రకటనలు ఉంటాయి" అన్నారు.

"సినిమాలు పారేసి ప్రకటనలు దాచారా? ఇదేం చోద్యమండీ!"

"సినిమా అంటే వినోదమమ్మా, తాజా చెయ్యొచ్చు. ప్రకటన వ్యాపార దస్తావేజు కింద లెక్క. బిల్లుతో పాటు కట్ట కట్టి దాచారు. దాన్ని ముట్టుకోకూడదు."

పీతల బ్యాండుమేళం ప్రకటన దొరికింది! తాయిలం బిస్కెట్ల వాళ్ళు వేయించినది. ఆ మాట వినగానే నాకు నోట్లో బిస్కెట్టు రుచి తగిలింది. ప్యాకెట్టుకో స్టిక్కరు ఇచ్చేవాళ్ళు. కప్ప, కొంగ, చేప, తాబేలు వచ్చేవి. అయిదోది పీతయ్య. బంగారు రంగు పీతయ్య మా వీధిలో ఎవ్వరికీ రాలేదు. దాని కోసం నేను అన్నం మానేసి బిస్కెట్లే తిన్నాను. వీధుల వెంట మైకు ఆటో వచ్చేది. దాని వెనకాల సందు చివరి దాకా పరిగెత్తేవాళ్ళం. పాట ఇదీ:

అడ్డంగా నడిచే అందగాడు ఎవరండీ?
మా పీతయ్య కాక ఇంకెవరండీ!
డోలందుకుంటే చెరువంతా చిందులండీ
నేడే చూడండి!

ఏసుపాదం గారు ప్రకటన పంపారు. పంపితే పెట్టెలోంచే కదా రావాలి. మూడు లైన్లు వచ్చి ఆగిపోయింది. "నేడే చూడండి" లేదు. ఏమైందని అడిగితే పెట్టె అంటుంది కదా, "ఆ నేడు గడిచిపోయి యాభై ఎనిమిదేళ్ళు అయిందండి. తప్పుడు సమాచారం కనక తొలగించాను."

అక్క నాలుగో లైను కోసం ఎదురు చూసింది. నోరు కొంచెం తెరుచుకునే ఉంది, ముద్ద నా చేతిలో ఉంది. లైను రాలేదు. నోరు మూసేసింది.

పెట్టెని ఎత్తి చెరువులో పడేద్దామనిపించింది. చెరువు కూడా ఎక్కడిది? కొల్లేరంతా ఇప్పుడు సముద్రమే.

ఎంట్రీ 2,920. జూన్ 16

ఉప్పు 436. నీళ్ళు 6,210.

డాక్టరమ్మ వచ్చింది. అక్క ముప్పై ఆరు కిలోల రెండు వందల గ్రాములు. డాక్టరమ్మ మెట్టకి తీసుకెళ్ళే కాయితాలు బయటికి తీసింది. నేను చూడనట్టు నటించాను.

ఆ పడవలోనే రెండు వచ్చాయి. మొదటిది తనిఖీ అధికారి భ్రమరాంబ గారి చీటీ. "నీళ్ళ పుస్తకంలో సొంత విషయాలు రాయరాదు." చూశానమ్మా తల్లీ. రాయరాదు.

రెండోది ఏసుపాదం గారు పంపిన అట్టపెట్టె. అందులో పాత కాలపు ప్లేయరు, అరచేతంత తెర, పెట్టెతో ఏ సంబంధమూ లేనిది. పక్కన డబ్బాలో ప్రకటన. బట్టలో చుట్టి మరీ పంపారు, ఆయన చల్లగా ఉండాలి.

మధ్యాహ్నం పండుగప్ప పులుసు కలిపి, తాజా పెట్టె మీద తువ్వాలు కప్పి, ప్లేయరు నొక్కాను. డుబుక్కు డుబుక్కుమని డోలు. బొమ్మ మసగ్గా ఉంది. అక్క వెన్ను నిటారుగా చేసింది. రెండో లైనుకి పెదాలు కదిలాయి. మూడో లైనుకి గొంతు వచ్చింది. నాలుగో లైను ఇద్దరం కలిసి అరిచాం. "నేడే చూడండి!"

పదకొండు ముద్దలు తిన్నది. పదకొండు. డాక్టరమ్మ పడవ ఎక్కబోతూ కిటికీలోంచి చూసి కాయితాలు సంచిలో పెట్టేసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. పులుసులో కారం ఎక్కువైందని చెప్పాను, అడిగేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

ఎంట్రీ 2,924. జూన్ 20

ఉప్పు 452. నీళ్ళు 5,980. పొర మార్చాలి. కొత్త పొర కావాలని నాలుగోసారి రాస్తున్నాను, భ్రమరాంబ గారూ. ఇది సొంత విషయం కాదు.

ప్రకటన నలభై సెకన్లు. భోజనం అరగంట. నాలుగు రోజులు దాన్నే తిప్పి తిప్పి వేశాను. ఇవాళ అక్క అడిగింది: "తర్వాత?"

మళ్ళీ వేశాను. "అది చూశాను కదండీ. తర్వాత ఏమైంది?"

మూడు ముద్దలకే నోరు బిగించింది.

ప్రకటన ఉన్నదే అందుకు కదా, తర్వాత ఏమైందో చూడ్డానికి రమ్మని. సినిమా కావాలి. అసలు సినిమా, ఎవరూ వేలు పెట్టనిది. ఏసుపాదం గారిని పీడించాను. ఆయన విసుక్కోకుండా, "చూస్తానమ్మా, చూస్తాను" అన్నారు. ఆయన విసుక్కోకపోతే నాకింకా విసుగొస్తుంది.

ఎంట్రీ 2,928. జూన్ 24

ఉప్పు 455. నీళ్ళు 5,940.

దొరికింది! సినిమా తీసినవాళ్ళకీ బిస్కెట్ల వాళ్ళకీ అప్పట్లో దావా నడిచిందట. సినిమా ప్రతి ఒకటి సాక్ష్యం కింద కోర్టులో పెట్టారు. కోర్టు సాక్ష్యాన్ని తాజా చెయ్యకూడదు. అన్నేళ్ళూ బీరువాలో సీలుతో ఉంది. కాపీ తీయించి ముప్ఫయ్యో తారీకు పడవకి పంపుతారు.

ఆరు రోజులు. అక్క రోజుకి నాలుగైదు ముద్దలు తింటోంది. నేను ముద్దలు పెద్దవి చేస్తున్నాను. కనిపెట్టేసి ఉమ్మేస్తోంది.

ఎంట్రీ 2,934. జూన్ 30

ఉప్పు 449. నీళ్ళు 6,020. కొత్త పొర వచ్చింది, సైజు తప్పు.

అక్క సరిగ్గా ముప్పై ఆరు. డాక్టరమ్మ ముల్లు వైపు చాలాసేపు చూసింది. "పద్నాలుగో తారీకు దాకా చూస్తానండి. ఆ రోజు దీనికి తగ్గితే నాతోనే తీసుకెళ్ళిపోతాను. ఇంక అడగొద్దు."

అడగను. సినిమా వచ్చేసింది కదా!

కోర్టు సీలు, నంబరు, సంతకం అన్నీ ఉన్నాయి. అన్నం కలుపుకుని, అక్కని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, వేశాను.

ఏం రాయమంటారు. ఇది వేరే సినిమా. పేరు అదే, పీత అదే, మిగతాదంతా వేరు. పీత పట్నం వెళుతుంది. అక్కడ పాటల పోటీ ఉంది, దానికో విలన్ పిల్లి ఉంది. కొంగ పెళ్ళి లేదు. తూము లేదు. గిట్ట ఊడదు. 'అడ్డంగా నడిచే అందగాడు' పాట అసలు లేనే లేదు. ఎనభై నాలుగు నిమిషాలు, చివరికి అందరూ రైలెక్కుతారు.

అక్క పది నిమిషాలు చూసింది. కంచం పక్కకి తోసింది. "వీడు వేరే పీతండీ" అంది.

"అవునండీ, వేరే పీతే" అన్నాను. నేను మొత్తం చూశాను, ఏ మూలనైనా కొంగ పెళ్ళి వస్తుందేమోనని. రైలు వెళ్ళిపోయాక కూడా తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

ఎంట్రీ 2,935. జూలై 1

ఉప్పు 447. నీళ్ళు 6,000.

పొద్దున్నే ఏసుపాదం గారిని పట్టుకుని దులిపేశాను. కోర్టులో కూడా పెట్టె వేలు పెట్టిందన్నాను, మీ సీళ్ళూ మీరూ అన్నాను. పెద్దాయనని అనకూడని మాటలు కూడా అన్నాను. ఆయన అంతా విన్నారు.

"అమ్మా, సీలు నా కళ్ళ ముందే తీశారు. బొమ్మ ఇదే. ఇంకో బొమ్మ లేదు."

"మరి పాటో?"

"ఆ పాట సినిమాలోది కాదమ్మా. బిస్కెట్ల వాళ్ళు ఆటో కోసం విడిగా కట్టించుకున్నది. దావా కూడా దాని గురించే. సినిమాలో లేని పాట చూపించి బిస్కెట్లు అమ్ముకున్నారని."

"నేను చూశానండీ సినిమా. మా ఊళ్ళో, ఎర్ర కుర్చీలో కూర్చుని."

కాయితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. మా ఊరి పేరు మళ్ళీ అడిగారు. చాలా మెల్లిగా చెప్పారు: "మీ ఊరికి ఆటో వచ్చిందమ్మా. ఇరవై రోజులు తిరిగిందని బిల్లు ఉంది. సినిమా మాత్రం రాలేదు. పట్నాల్లో నాలుగు రోజులు ఆడి తీసేశారు. మీ జిల్లాలో ఎక్కడా ఆడలేదు."

వైర్‌లెస్ కట్టేశాను. ఆయనకి నమస్కారం కూడా పెట్టలేదు.

అబద్ధం. నాకు కుర్చీ గుర్తుంది. ఫ్యాను చప్పుడు గుర్తుంది. కొంగ పెళ్ళిబట్టలు గుర్తున్నాయి, పసుపు అంచు తెల్ల చీర. యాభై ఎనిమిదేళ్ళుగా గుర్తున్నది లేదంటే ఎలా?

ఎంట్రీ 2,936. జూలై 2

ఉప్పు 445. నీళ్ళు: మధ్యాహ్నం రీడింగు తియ్యలేదు. తప్పు నాదే. ఎందుకు తియ్యలేదో రాస్తాను.

పన్నెండు గంటలకి కంచం పెట్టుకుని అక్క ఎదురుగా కూర్చున్నాను. తినిపించే ఓపిక లేదు. ఊరికే అడిగాను, మీరు పీతల బ్యాండుమేళం ఏ థియేటర్‌లో చూశారండీ అని.

అక్క అటూ ఇటూ చూసింది. నా దగ్గరికి వంగింది.

"మా చెల్లికి చెప్పకండేం, నీళ్ళావిడా?"

"చెప్పను."

"నేను చూళ్ళేదండి. అసలా బొమ్మ మా ఊరు రాలేదు. ఆటో ఒక్కటే వచ్చింది."

నా చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"మా అమ్మా నాన్నా చేపల చెరువుల దగ్గర ఐసు ప్యాకింగుకి పోయేవాళ్ళు. పిల్లని నేనే చూసుకునేదాన్ని. అది ఒట్టి మొండిదండి బాబూ! అన్నం ముట్టేది కాదు. బిస్కెట్లు, బిస్కెట్లు. ఎముకలు తేలిపోయింది. సినిమా వస్తది, వస్తదని రోజూ గుమ్మంలో కూచునేది. రాదని తెలిస్తే ఇంకేం తింటది? అందుకని నేను చూసొచ్చానని చెప్పాను. ఎర్ర కుర్చీ వేసి, ఫ్యాను పెట్టి, ఇదే థియేటర్ అన్నాను. ఒళ్ళో కూచోబెట్టుకుని రోజుకో ముక్క చెప్పేదాన్ని. ముద్దకో ముక్క."

"కొంగ పెళ్ళో?"

"ఆ రోజు తోటకూర పప్పండి. అది తోటకూర తినదు. పెద్ద ఘట్టం కావాల్సొచ్చింది." అక్క నవ్వింది. "గిట్ట ఊడగొట్టేశాను. నోరు తెరిచింది చూడండీ, ఇంతన!"

ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ఒక కాలు విరిగితే నాన్న తీగతో కట్టినది. ఎలా మర్చిపోయాను? మర్చిపోయేది అక్క కదా, నేను కాదు కదా!

"ఇప్పుడు దానికి సినిమా చూశాననే నమ్మకం. నలుగురిలో చెప్పుకుంటది కూడా. చెప్పకండేం" అంది మళ్ళీ.

"చెప్పనండీ. ఒట్టు."

అప్పుడే రీడింగు టైము గంట కొట్టింది. నేను లేవలేదు.

ఎంట్రీ 2,937. జూలై 3

ఉప్పు 441. నీళ్ళు 6,110.

నెల రోజులు పెట్టెతోనూ కోర్టుతోనూ కొట్టుకున్నాను. ఉన్నది మా ఇంట్లో ఉంది. సంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

తాజా పెట్టె నన్ను చూస్తూనే, "మీ అక్కగారు చెప్పిన కథ విన్నానండి. చాలా బావుంది. ఇంకా హాయిగా చేసి బొమ్మ కట్టనా?" అంది. వైరు పీకేశాను. పీకడానికి రూలు ఒప్పుకోదని అది చెబుతుండగానే.

ఇవాళ కథ నేను చెప్పాను. "అనగనగా ఒక తూము. తూములో ఒక పీత." అక్క నోరు తెరిచింది. ఎనిమిది ముద్దలు. నేను తప్పు చెప్పిన చోట తిట్టింది. కప్పది సన్నాయి కాదట, పగిలిన సన్నాయి. కాబట్టి అపస్వరం వస్తుంది, కాబట్టి తాబేలు చెవులు మూసుకుంటుంది. నాకు ఆ ముక్క గుర్తులేదు. ఈ పుస్తకంలో రాసుకుంటున్నాను. కప్ప సన్నాయి పగిలింది.

ఎంట్రీ 2,942. జూలై 8

ఉప్పు 438. నీళ్ళు 6,160.

సరుకుల పడవలో భ్రమరాంబ గారి రెండో చీటీ. "మొదటి హెచ్చరిక తర్వాత కూడా తొమ్మిది పేజీల సొంత విషయం. రూలు ప్రకారం ఈ పుస్తకంలో ఒకసారి రాసినది ఎవరూ కొట్టివేయరాదు, మార్చరాదు, ముప్పై ఏళ్ళు భద్రపరచవలెను. ఇది గుర్తుంచుకుని రాయవలెను."

నాలుగుసార్లు చదువుకున్నాను. తిట్టిందో, దారి చూపించిందో తెలియలేదు. ఏదైతేనేం. గుర్తుంచుకునే రాస్తున్నానండీ.

పెళ్ళికి చేపలు ముత్యాల దీపాలు పట్టాయి. కొంగ పెళ్ళికొడుకు పేరు గరికయ్య. ఒంటికాలి మీద నిలబడి తాళి కట్టాడు. పీతయ్య గిట్ట తూములో ఊడినప్పుడు "అమ్మా" అనలేదు, "డుబుక్కు" అన్నాడు. ఎందుకంటే బ్యాండువాడు కదా. ఇదంతా అక్క చెప్పినట్టే రాస్తున్నాను, ఒక్క మాట కూడా తేలిక చెయ్యకుండా. నిన్న పది ముద్దలు. ఇవాళ అక్కకి పెళ్ళికొడుకు కొంగ పేరు గుర్తు రాలేదు. నేను అందించాను. పుస్తకం చూసి అందించాను.

చివరేమిటో మాత్రం ఇద్దరికీ తెలీదు. సినిమా ముగింపు నాకు గుర్తులేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ముగింపు లేదు. కంచం ఖాళీ అయ్యేది, అక్క చెయ్యి కడుక్కునేది.

ఎంట్రీ 2,948. జూలై 14

ఉప్పు 432. నీళ్ళు 6,230. రెండో పంపు మూలగడం మానేసింది. ఎందుకు మానేసిందో తెలీదు, నేను అడగలేదు.

డాక్టర్ ఫర్హీన్ పది గంటలకి వచ్చింది. అక్కని తూచింది. ముల్లు ఆగే దాకా నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు. డాక్టరమ్మ మళ్ళీ దించి, మళ్ళీ ఎక్కించింది. అదే. కాయితాలు సంచిలోంచి తియ్యలేదు. పడవ ఒక్క డాక్టరమ్మతోనే వెనక్కి వెళ్ళింది.

మధ్యాహ్నం తోటకూర పప్పు చేశాను, కావాలనే. మెట్ట నుంచి వచ్చిన తోటకూర, కాస్త వాడింది. గిట్ట ఊడే ఘట్టం మొదలుపెట్టాను. పీతయ్య ఒంటి గిట్టతో డోలెత్తుకున్నాడు. కొంగ పసుపు అంచు తెల్ల చీరలో ఏడుస్తోంది. పన్నెండో ముద్ద తింటూ అక్క నన్ను చాలా పరీక్షగా చూసింది.

"ఈ కథ మీకెవరు చెప్పారండీ, నీళ్ళావిడా?"

"మా అక్క."

"చూసొచ్చి చెప్పిందా?"

"ఆ. చూసొచ్చే చెప్పింది."

"మంచిదండి మీ అక్క" అంది. పదమూడో ముద్ద తిన్నది. కంచంలో ఒక ముద్ద మిగిలింది. నా చేతిలోంచి కంచం తీసుకుంది. ఆ ముద్ద కలిపి, నా నోటి దగ్గర పెట్టింది.

"మరి మీరు తిన్నారా? పొద్దుట్నుంచీ ఆ యంత్రం దగ్గరే ఉంటారు. ఎముకలు తేలిపోయారు. ఊఁ, నోరు తెరవండి. పీతయ్య డోలెత్తాడు చూడండి. డుబుక్కు..."

నాకు తోటకూర ఇప్పటికీ పడదు.

పదమూడు ముద్దలు తను. ఒకటి నేను.